గద్వాల అంచు, అలంపురం జాలకం: ఇంటి అలంకరణకు నడిగడ్డ పాఠాలు

కృష్ణా, తుంగభద్ర నదుల నడుమ ఉన్న నేలను నడిగడ్డ అంటారు. జోగులాంబ గద్వాల జిల్లాలోని ఇటిక్యాల ఈ గడ్డ మీదిదే. దానికి ఒక దిక్కున కృష్ణ ఒడ్డున బీచుపల్లి ఆంజనేయస్వామి క్షేత్రం, మరో దిక్కున తుంగభద్ర ఒడ్డున అలంపురం ఆలయాలు, ఇంకో దిక్కున మగ్గాలకు పేరుపడ్డ గద్వాల ఉండగా, కృష్ణ దాటితే వనపర్తి, కొల్లాపురం సంస్థానాల భవనాలు కనిపిస్తాయి. ఇంతటి కళాసంపద చేరువలో ఉన్నప్పటికీ, ఈ ప్రాంతంలో కొత్తగా కడుతున్న ఇళ్ల గోడల రంగులు, పైకప్పు కింది జిప్సం అలంకారాలు, ముందు భాగపు ఎలివేషన్లు చాలావరకు ఫోన్ తెర మీద కనిపించిన నమూనాలను చూసి ఎంచుకున్నవే అవుతున్నాయి. ఆ నమూనాలు అందంగా లేవని చెప్పడానికి లేదు గాని, అవి వేరే వాతావరణానికి, వేరే వెలుతురుకు, వేరే జీవన విధానానికి తయారైనవి కనుక, ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే పాలమూరు వేడిమిలో అవి అక్కరకు రాకపోవడమే కాక, కొన్నిసార్లు ఇబ్బంది కూడా కలిగిస్తాయి.

కళ నుంచి ఇంటికి స్ఫూర్తి పొందడమంటే ఒక కళాఖండపు బొమ్మను తెచ్చి గోడకు అతికించడం అని సాధారణంగా భావిస్తారు. అయితే కళాఖండంలో రూపం, సూత్రం, పనితనం అనే మూడు అంశాలు వేరువేరుగా ఉంటాయి. రూపం కంటికి కనిపించేది. సూత్రం ఆ రూపం అలా ఎందుకు అమరిందో చెప్పేది. పనితనం ఏ పదార్థాన్ని ఏ చేయి ఎలా మలిచిందో తెలిపేది. రూపాన్ని మాత్రమే తీసుకున్న ఇల్లు కొద్దికాలానికే పాతబడినట్లు అనిపిస్తుంది. సూత్రాన్ని పట్టుకున్న ఇల్లు తన కొలతలకు, తన ఖర్చుకు తగినట్లు దానిని మార్చుకోగలుగుతుంది. నడిగడ్డ కళలను ఈ దృష్టితో చూసినప్పుడు రంగు, వెలుతురు, చోటు అనే మూడు విషయాలలో అవి స్పష్టమైన పాఠాలు చెబుతాయి.

రంగు: గద్వాల చీర చెప్పే లెక్క

గద్వాల చీర ప్రత్యేకత దాని నిర్మాణంలోనే ఉంది. సంప్రదాయ పద్ధతిలో చీర నడిమి భాగాన్ని నూలుతో, అంచును, కొంగును పట్టుతో నేస్తారు. నిలువు పోగులను పడుగు అని, అడ్డంగా సాగే పోగులను పేక అని అంటారు. పేకను మోసుకుపోయే పనిముట్టు నాడె. మామూలు చీరకు ఒక నాడె చాలు గాని, రెండు వైపులా అంచులు, నడుమ వేరే రంగు ఉండే గద్వాల నేతలో మూడు నాడెలు అవసరమవుతాయి. అంచు పేక, నడిమి పేక కలుసుకునే చోట అవి ఒకదానితో ఒకటి లంకె పడతాయి కనుక, ఒక రంగు మరొక రంగులోకి చొరబడకుండా సరిహద్దు గీత గీసినట్లు నిలుస్తుంది. ఈ పద్ధతిని కుట్టు అని, కుప్పడం అని వ్యవహరిస్తారు. అంచు మీద కోట బురుజుల వరుసను, గుడి శిఖరాల వరుసను తలపించే కోటకొమ్మ నమూనా ఈ నేతలో ప్రసిద్ధం. గద్వాల చీరకు భౌగోళిక గుర్తింపు, అంటే ఒక ప్రాంతానికే చెందిన ఉత్పత్తిగా చట్టపరమైన రక్షణ, లభించింది. తిరుమల శ్రీవారికి బ్రహ్మోత్సవాల సందర్భంగా సమర్పించే ఏరువాడ జోడు పంచెలను సంస్థాన కాలం నుంచి గద్వాల మగ్గాల మీదనే నేస్తున్నారు.

ఈ చీర నుంచి గ్రహించవలసిన మొదటి సూత్రం పాళ్లకు సంబంధించినది. చీరలో అత్యధిక భాగం ఒకే రంగు. అంచు, కొంగు రెండో రంగు. జరీ, బుటాలు కొద్దిపాటి మెరుపు. గృహాలంకరణ నిపుణులు ఒక గదిలో సుమారు 60 శాతం ప్రధాన వర్ణం, 30 శాతం తోడు వర్ణం, 10 శాతం మెరుపు వర్ణం ఉండాలని చెప్పే సూత్రం నేత చీర అమరికకు చాలా దగ్గరగా ఉంది. గోడలు, నేల ప్రధాన వర్ణానికి, పరదాలు, మంచం దుప్పటి, పెద్ద చెక్క సామాను తోడు వర్ణానికి, దిండు గలీబులు, పటం చట్రం, ఇత్తడి పాత్ర వంటివి మెరుపుకు కేటాయిస్తే, గదిలో ఏ రంగూ మరొకదానితో పోటీపడదు. నాలుగు గోడలకు నాలుగు ముదురు రంగులు వేసిన గదిలో కంటికి కలిగే అలసటకు కారణం రంగులు ఎక్కువ కావడం కంటే వాటి పాళ్లు సమానం కావడమే.

రెండో సూత్రం సరిహద్దుకు సంబంధించినది. ఎరుపు పక్కన పచ్చ, పసుపు పక్కన ఊదా వంటి ఎదురు రంగులను గద్వాల నేతగాళ్లు జంకు లేకుండా జతచేయగలిగారంటే, వాటి మధ్య సరిహద్దును అంత శుభ్రంగా నిలపడమే అందుకు ముఖ్య కారణం. పక్కపక్కన ఉన్న రంగులు ఒకదాని రూపాన్ని మరొకటి మార్చివేస్తాయన్న సంగతిని ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రోల్ 1839లో వెలువరించిన గ్రంథంలో శాస్త్రీయంగా వివరించాడు. పారిస్ లోని గోబ్లెన్ చిత్రవస్త్రాల కర్మాగారంలో అద్దకపు విభాగానికి అధిపతిగా ఉన్న ఆయనకు, అక్కడ అద్దిన నలుపు వెలవెలబోతున్నదన్న ఫిర్యాదు వచ్చింది. పరీక్షించగా అద్దకంలో లోపం లేదని, నలుపు పక్కన నేసిన నీలి, ఊదా పోగుల వల్లనే అది తేలిపోయినట్లు కనిపిస్తున్నదని తేలింది. ఇంటికి రంగు ఎంచుకునేటప్పుడు దుకాణంలోని చిన్న రంగుచీటీని ఒంటరిగా చూసి నిర్ణయించడం ఎందుకు పొరపాటవుతుందో ఈ ఉదంతం చెబుతుంది. రెండడుగుల వెడల్పున గోడ మీదనే రంగు పూసి, దాని పక్కన ఉండబోయే పరదా గుడ్డను, నేల బండ ముక్కను నిలిపి, పొద్దున, మధ్యాహ్నం, దీపం వెలుగులో మూడుసార్లు చూసిన తరువాతనే తుది నిర్ణయానికి రావడం మేలు. తలుపు చుట్టూ, గోడ అడుగున ఒక సన్నని పట్టీని వేరే రంగులో వేస్తే అది చీరకు అంచు చేసే పనినే చేస్తుంది. గోడల అడుగున ఎర్రని జాజు పట్టీ పూసి, పైన సున్నం వేసే పల్లె అలవాటులో ఈ వివేకం ఎప్పటినుంచో ఉంది.

చీరనే గోడకు అలంకరించదలచినవారు కొన్ని జాగ్రత్తలు పాటించాలి. పట్టు, సహజ రంగులు ఎండకు త్వరగా వెలిసిపోతాయి. మ్యూజియంలలో వస్త్రాల మీద పడే వెలుతురును సాధారణంగా 50 లక్స్ కు పరిమితం చేస్తారు, అంటే మసక వెలుగు కంటే కొంచెం ఎక్కువ మాత్రమే. అందువల్ల వస్త్రాన్ని కిటికీకి ఎదురుగా కాక పక్క గోడకు, మేకులు, జిగురు వాడకుండా, వెనుక ఒక నూలు గుడ్డకు విడివిడి కుట్లతో కుట్టి వేలాడదీయాలి. చిరిగిన పాత చీర కొంగును ఇలా నిలుపుకోవచ్చు గాని, మంచి చీరను కత్తిరించి దిండు గలీబులు చేయడం కంటే నేతగాని వద్దనే ఆ కొలతకు గుడ్డ నేయించుకోవడం మేలు.

వెలుతురు: అలంపురం గోడల పాఠం

అలంపురంలోని నవబ్రహ్మ ఆలయాలు ఏడు, ఎనిమిది శతాబ్దాలలో బాదామి చాళుక్యుల కాలంలో రూపుదిద్దుకున్నాయి. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ అనే పేర్లతో ఉన్న ఈ తొమ్మిదీ శివాలయాలే. తారక బ్రహ్మ తప్ప మిగిలినవి ఎక్కువగా రేఖానాగర శైలిలో, అంటే నిలువుగా లేచి పైకి పోయేకొద్దీ లోపలికి వంగే శిఖరంతో ఉంటాయి. గర్భాలయం చుట్టూ లోపలనే ప్రదక్షిణ మార్గం ఉండటం వీటిలోని ముఖ్య లక్షణం. ఆ మార్గానికి వెలుతురు కావాలి, కాని ఎండ అక్కరలేదు. శిల్పులు ఈ సమస్యను రాతి పలకలకు రకరకాల నమూనాలలో రంధ్రాలు తొలిచి, వాటిని గోడలలో నిలిపి పరిష్కరించారు. ఇటువంటి చిల్లుల కిటికీని జాలకం అంటారు. వాడుకలో జాలీ అయింది.

జాలకం ఒకేసారి మూడు పనులు చేస్తుంది. సూటిగా పడే ఎండను ముక్కలు చేసి మెత్తని వెలుగుగా మారుస్తుంది. గాలిని ఆపకుండానే బయటి చూపును ఆపుతుంది. నేల మీద, ఎదుటి గోడ మీద పొద్దుతో పాటు కదిలే నీడల నమూనాను పరుస్తుంది. అలంకారం, అవసరం వేరుకాకుండా కలిసిపోయిన ఇటువంటి అంశమే ఇంటికి తెచ్చుకోదగిన అసలైన స్ఫూర్తి. కేరళలో స్థిరపడి పనిచేసిన వాస్తుశిల్పి లారీ బేకర్ (1917–2007) ఇదే సూత్రాన్ని మామూలు ఇటుకతో సాధించాడు. ఇటుకల మధ్య ఖాళీలు వదులుతూ కట్టిన జాలీ గోడలు ఆయన కట్టడాలకు గుర్తుగా నిలిచాయి. ఇటుకలను అంచు మీద నిలబెట్టి లోపల గాలి పొర మిగిలేలా కట్టే ఎలుకబోను కట్టుబడిని కూడా ఆయన ప్రచారం చేశాడు. దీనివల్ల ఇటుకలు సుమారు నాలుగో వంతు ఆదా కావడమే గాక, గోడలోని గాలి వేడిని లోపలికి రాకుండా అడ్డుకుంటుంది.

ఇటిక్యాల వంటి ఊరిలో పడమటి ఎండ నేరుగా తగిలే వసారా ఉన్న ఇంటికి ఈ పాఠం వెంటనే ఉపయోగపడుతుంది. ఆ వైపు గాజు తలుపు పెట్టి, వెనుక మందపాటి పరదా వేసి, లోపల ఏసీ నడపడం కంటే, వసారా అంచున నడుమెత్తు పైనుంచి ఇటుక జాలీనో, మట్టితో చేసి కాల్చిన జాలీ బిళ్లలనో కట్టడం తక్కువ ఖర్చుతో కూడిన పని. దుమ్ము పేరుకోవడం జాలీకి ఉన్న లోపం కనుక, చీపురు అందే ఎత్తులో, చేతివేళ్లు దూరేంత రంధ్రాలతో కట్టుకోవాలి. పాములు, ఎలుకలు వచ్చే చోట వెనుక సన్నని తీగవల బిగించాలి.

అలంపురం గోడలలో గమనించదగిన మరో విశేషం కోష్ఠాల అమరిక. శిల్పాన్ని నిలిపేందుకు గోడలో తొలిచిన గూడును కోష్ఠం అంటారు. స్వర్గ బ్రహ్మ ఆలయపు గోడలలో శిల్పాలున్న కోష్ఠాలు, జాలకాలు ఒక క్రమంలో వస్తూ, వాటి మధ్య కొంత గోడ ఏ పనీ లేకుండా మిగులుతుంది. ఆ ఖాళీ గోడ వల్లనే చూపు శిల్పం మీద నిలుస్తుంది. ఇంటి గోడలకు ఈ సూత్రాన్ని వర్తింపజేస్తే, ఒక గోడకు ఒకే ముఖ్య వస్తువు చాలునని, పెళ్లి ఫొటోలు, క్యాలెండర్, గడియారం, దేవుని పటం, జ్ఞాపికలు అన్నీ ఒకే గోడ మీద చేరితే ఏదీ కంటికి ఆనదని అర్థమవుతుంది. పటం నడిమి భాగం నేల నుంచి సుమారు 145 సెంటీమీటర్ల ఎత్తున, అంటే నిలుచున్న మనిషి చూపుకు ఎదురుగా, ఉండేలా తగిలించడం చిత్రశాలలలో పాటించే పద్ధతి. మనవారి ఇళ్లలో నేల మీద, మంచం మీద కూర్చునే అలవాటు ఎక్కువ కనుక, అటువంటి గదిలో పటాన్ని ఇంకొంచెం కిందికి దించడంలో తప్పులేదు.

చోటు: మిద్దె ఇంటి తీరు

పాలమూరు, రాయలసీమ ప్రాంతాల పాత ఇళ్లలో అధికభాగం మిద్దెలు. మందపాటి రాతి లేదా మట్టి గోడల మీద దూలాలు, వాటి మీద అడ్డంగా దంతెలు పరిచి, ఆపైన కట్టె ముక్కలో నాపబండలో కప్పి, అన్నిటికీ పైన మట్టిని మందంగా వేస్తారు. ఇందుకు చౌడు మట్టిని కోరి తెచ్చేవారు. చౌడులో సోడియం లవణాలు ఎక్కువగా ఉండటంతో, తడి తగిలినప్పుడు అందులోని బంకరేణువులు విడిపోయి సన్నని రంధ్రాలను మూసివేస్తాయి కనుక, వాన నీరు కిందికి దిగదు. మందమైన గోడ పగటి వేడిని మెల్లగా పీల్చుకుని రాత్రికి గాని లోపలికి వదలదు; ఆ సమయానికి ఇంటివారు మిద్దె మీదనో వాకిట్లోనో పడుకునేవారు. నిర్మాణం, దినచర్య ఒకదానికొకటి ఇలా అమరి ఉండేవి.

మిద్దె ఇంటిలో అలంకరణ అంటూ విడిగా చేసేది చాలా తక్కువ. దూలానికి దూలానికి నడుమ ఉన్న అంకణం గదికి లయను ఇచ్చేది. గోడ మందంలోనే కట్టిన గూళ్లు దీపానికి, పుస్తకాలకు, పాత్రలకు చోటయ్యేవి. పైకప్పులో వదిలిన గవాచి పొగను బయటికి పంపి, వెలుగును లోపలికి దించేది. వీధి అరుగు వచ్చేపోయేవారికి కూర్చునే చోటయ్యేది. నేటి కాంక్రీటు ఇంటిలో ఈ అంశాలన్నిటినీ తిరిగి కట్టడం సాధ్యం కాకపోవచ్చు గాని, వాటి వెనుక ఉన్న ఆలోచనను వాడుకోవచ్చు. గోడకు బయటికి పొడుచుకువచ్చే ప్లైవుడ్ అరలకు బదులు తొమ్మిదంగుళాల గోడలో కట్టుబడి సమయంలోనే లోతు తక్కువ గూళ్లు వదలడం, వెలుతురు చాలని నడిమి గదికి పైకప్పులో ఒక చిన్న గాజు గవాచి పెట్టి వాననీరు దిగకుండా చుట్టూ గట్టు కట్టడం, ముందు భాగంలో కారుకు మాత్రమే కాక మనుషులకు కూడా రెండడుగుల అరుగు మిగల్చడం అటువంటివే. పైకప్పుకు తెల్లని సున్నమో, వేడిని తిప్పికొట్టే పూతో వేస్తే లోపలి వేడి తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రకటించిన చల్లని పైకప్పుల విధానం ఈ అవగాహన మీదనే ఆధారపడింది.

నేల విషయంలోనూ దగ్గరి పదార్థాలకు కొదవలేదు. తాండూరు, షాబాదు నాపబండలు, తుంగభద్రకు ఆవల కర్నూలు వైపు దొరికే బేతంచెర్ల బండలు సున్నపురాతి జాతికి చెందినవి. కాలికి చల్లగా ఉంటాయి, గీతలు పడినా మళ్లీ పాలిష్ పట్టించవచ్చు. అద్దంలా మెరిసే పలకలు కిటికీ వెలుతురును కంట్లోకి తిప్పికొడతాయి. నాపబండ మాత్రం వెలుతురును మెత్తబరుస్తుంది. ఈ బండల బూడిద, పచ్చ, లేత పసుపు ఛాయలు గద్వాల, నారాయణపేట నేత గుడ్డల ముదురు రంగులకు ప్రశాంతమైన నేపథ్యాన్ని ఇస్తాయి.

కొత్త అవసరానికి పాత కట్టడాన్ని మలుచుకోవడం కూడా అలంకరణ కళలో భాగమే. వనపర్తి సంస్థానాధీశుల భవనంలో ప్రభుత్వ పాలిటెక్నిక్ నడుస్తోంది. గద్వాల కోట ఆవరణలో చెన్నకేశవస్వామి ఆలయంతో పాటు డిగ్రీ కళాశాల ఉంది. శ్రీశైలం జలాశయంలో మునిగిపోవలసిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని అలంపురానికి, మంచాలకట్ట మాధవస్వామి ఆలయాన్ని కొల్లాపురానికి తరలించి తిరిగి నిలిపారు. ఇంత పెద్ద కట్టడాలే కొత్త చోట, కొత్త పనికి ఒదిగినప్పుడు, కూల్చే మిద్దెలోని టేకు దూలాన్ని భోజనాల బల్లగా, చెక్కిన దర్వాజ చౌకట్టును పుస్తకాల అరగా మార్చుకోవడం కష్టమేమీ కాదు.

చిత్రం, వస్తువు, కొనుగోలు

గోడ మీద చిత్రం పెట్టదలచినవారికి తెలంగాణ చిత్రకళలో రెండు భిన్నమైన మార్గాలు కనిపిస్తాయి. సిద్దిపేట జిల్లా చేర్యాల నకాశీ చిత్రకారులు గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు పూసి గట్టిపరిచి, ఎర్రని నేపథ్యం మీద పురాణ కథలను వరుసగా చిత్రిస్తారు. కథ చెప్పేవారు ఊరూరా చుట్ట విప్పి చూపేందుకు పుట్టిన ఈ కళ ఇప్పుడు చిన్న పటాలుగా కూడా దొరుకుతోంది. 1942లో పాత కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో జన్మించిన తోట వైకుంఠం తెలంగాణ పల్లె స్త్రీల పెద్ద బొట్టును, చీర రంగులను, నగలను ఎరుపు, పసుపు, నారింజ వంటి నిండు వర్ణాలలో చిత్రించి ప్రసిద్ధుడయ్యాడు. ఇటువంటి నిండు రంగుల చిత్రానికి లేత గోడ, 2700–3000 కెల్విన్ల పసుపు ఛాయ గల దీపం నప్పుతాయి. కెల్విన్ అనేది దీపకాంతి రంగును తెలిపే కొలమానం. అంకె పెరిగినకొద్దీ కాంతి నీలి తెలుపు వైపు మొగ్గుతుంది.

చిత్రాలు కొనే స్తోమత లేని ఇంటికి కళ దూరమని అనుకోనక్కరలేదు. అమెరికన్ రూపశిల్పులు చార్ల్స్, రే ఈమ్స్ దంపతులు భారత ప్రభుత్వం కోరిక మీద 1958లో సమర్పించిన నివేదికలో, తాము దేశంలో చూసిన వస్తువులన్నిటిలో చెంబునే అత్యంత సుందరమైనదిగా పేర్కొన్నారు. ఆ నివేదిక ప్రేరణతో 1961లో అహ్మదాబాద్ లో జాతీయ రూపకల్పన సంస్థ ఏర్పడింది. చేతికి, నడుముకు, నీటికి తగినట్లు తరతరాలుగా ఒదిగిన ఆకారమే చెంబు అందానికి మూలమని వారి విశ్లేషణ. ఈ దృష్టితో వెతికితే కురుమల గొంగడి నేలపరుపుగా, పాత చీరల పేలికలతో కుట్టిన బొంత మంచం మీది నిండు అలంకారంగా, మేదరి బుట్ట దీపపు గొడుగుగా, కుమ్మరి కూజా బల్ల మీది అందంగా పనికివస్తాయి. గొంగడి చిమట పట్టకుండా వేపాకు వేసి ఎండలో దులపడం, బొంతను ఏటా ఉతికి ఆరవేయడం వంటి పోషణ తప్పదు.

కొనుగోలులో రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. మరమగ్గం మీద నేసి గద్వాల పేరుతో అమ్మే గుడ్డలు మార్కెట్లో ఉన్నాయి కనుక, చేనేత గుర్తును చూడటం, అంచు, నడిమి భాగం కలిసే చోట లంకెను తిరగేసి పరిశీలించడం అవసరం. రెండోది పాత శిల్పాలకు సంబంధించినది. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం 100 సంవత్సరాలు దాటిన శిల్పాలు, కళాఖండాలు పురావస్తువుల కిందికి వస్తాయి. లైసెన్సు లేకుండా వాటి వ్యాపారం చేయడం, ప్రైవేటు వ్యక్తులు వాటిని దేశం దాటించడం నేరం. పొలంలో బయటపడిన నాగశిలనో, వీరగల్లునో తోటలో అలంకారంగా నిలపడం కంటే అధికారులకు తెలియజేయడమే సరైన పని.

ఆచరణ

ఒక కుటుంబం తన ఇంటిని తీర్చిదిద్దుకోదలచినప్పుడు అన్ని గదులనూ ఒకేసారి మార్చడం కంటే, ఎక్కువసేపు గడిపే ఒక గదితో ప్రారంభించడం ఖర్చు రీత్యా, అనుభవం రీత్యా శ్రేయస్కరం. ముందుగా ఆ గదిలో ఎండ ఏ వేళ ఏ గోడ మీద పడుతున్నదో ఒక వారం గమనించి రాసుకోవాలి. తరువాత అక్కరలేని సామానును తొలగించాలి. ఆపైన ఇంటిల్లిపాదికి నచ్చిన ఒక్క చీరనో, ఒక్క చిత్రాన్నో తీసుకుని అందులోని రంగులను, వాటి పాళ్లను గుర్తించి గోడకు, గుడ్డకు, చిన్న వస్తువులకు పంచాలి. దీపాలను చివరగా కాక, గోడ రంగుతో పాటే నిర్ణయించాలి. ఇందులో ఏ దశకూ పెద్ద మొత్తం అక్కరలేదు; ఓపికతో చూడటం మాత్రం కావాలి.

ఇలా తీర్చిన గదికి కలిగే ప్రయోజనం కంటికి మాత్రమే పరిమితం కాదు. జాలీ, గవాచి, తెల్లని కప్పు కరెంటు ఖర్చును తగ్గిస్తాయి. నాపబండ, పాత టేకు ఏళ్ల తరబడి మన్నుతాయి. పరదాకు, దుప్పటికి పెట్టే సొమ్ము గద్వాల, నారాయణపేట మగ్గాలకు, మేదరి, కుమ్మరి ఇళ్లకు చేరుతుంది. మగ్గానికి పని దొరికినంత కాలమే కోటకొమ్మ అంచు నేసే చేయి నిలుస్తుంది కనుక, నడిగడ్డలో ఇల్లు కట్టుకునేవారు తమ అలంకరణకు ఈ నేల కళల నుంచి స్ఫూర్తి తీసుకోవడం ఆ కళలకు దొరికే నికరమైన ఆదరణ కూడా అవుతుంది.